నీళ్లు పడ్డాకే చేపలతో పొత్తు: రెండడుగుల ప్లాంటెడ్ ట్యాంక్ లెక్కలు

రంగుచేపల షాపులో అందరూ అడిగే మాట ఒకటే: "అన్నా, ఇది దానితోని కలిసి ఉంటదా?" అడగాల్సిందే. కానీ అంతకంటే ముందు అడగాల్సినది ఇంకొకటి ఉంది. ఈ చేపకు మా ఊరి నీళ్లు పడతాయా? మా ఇంటి ఎండాకాలం పడుతుందా?

మల్లాపూర్ నుంచి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దాకా మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు. చాలా ఊళ్లలో బోరు నీళ్లు బిందెకు తెల్లటి పొర కట్టే రకం. ఈ రెండింటినీ పట్టించుకోకుండా ఎక్కడో రాసిన జాబితా చూసి చేపలు కొంటే, అవి తమలో తాము ఎంత సఖ్యంగా ఉన్నా ఒక్క ఎండాకాలం దాటడం కష్టం. అందుకే ముందు నీళ్ల లెక్క, తర్వాతే చేపల లెక్క. దానికి మొదట కావలసిన పరికరాలు మూడు: కొలత టేపు, థర్మామీటరు, టీడీఎస్ పెన్ను.

54 అనుకుంటే 38

రెండడుగుల ట్యాంక్ అంటే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. గుణిస్తే 54 లీటర్లు వస్తుంది. షాపులో చెప్పేది ఈ అంకెనే. చేపకు దక్కేది ఇది కాదు. అద్దం మందం 5 మిల్లీమీటర్లు అనుకుంటే లోపలి పొడవు 59, వెడల్పు 29 సెంటీమీటర్లు. మొక్కల వేళ్ల కోసం అడుగున 5 సెంటీమీటర్ల మట్టి, ఇసుక వేస్తాం. పైన 3 సెంటీమీటర్లు ఖాళీ వదులుతాం. మిగిలిన నీటి ఎత్తు 22 సెంటీమీటర్లు. 59ని 29తో, 22తో గుణిస్తే దాదాపు 38 లీటర్లు. రాళ్లు, దుంగ పెడితే ఇంకో లీటరో రెండో తగ్గుతాయి.

బరువు కూడా ఇక్కడే చూసుకోవాలి. నీళ్లు 38 కిలోలు, అద్దం 9 కిలోల దాకా, తడిసిన ఇసుక, మట్టి 12 నుంచి 16 కిలోలు. మొత్తం 60 కిలోలు దాటవచ్చు. కదిలే బల్ల మీద కాకుండా గోడవారగా గట్టి స్టాండు మీద, కిటికీ ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. పడమటి గోడ మే నెలలో రాత్రి దాకా సెగ కక్కుతుంది కాబట్టి దాన్ని వదిలేయడం మేలు.

10 అంగుళాల సూత్రం ఎక్కడ తప్పుతుంది

గ్యాలన్ నీళ్లకు ఒక అంగుళం చేప అనేది పాత సూత్రం. 38 లీటర్లంటే 10 గ్యాలన్లు, కాబట్టి 10 అంగుళాల చేప పెట్టుకోవచ్చని అర్థం. ఈ లెక్కన అంగుళం పొడవున్న 10 చేపలూ, 10 అంగుళాల ఒక్క చేపా సమానమే.

అవి సమానం కావు. చేప పొడవు 10 రెట్లు పెరిగితే దాని ఎత్తు, మందం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి. 10 × 10 × 10, అంటే బరువు 1,000 రెట్లు. 10 అంగుళాల ఒక్క చేప బరువు, అంగుళం చేపలు పదింటి బరువుకు 100 రెట్లు. తినే మేత, విడిచే వ్యర్థం, పీల్చే ఆక్సిజన్ కూడా ఎన్నో రెట్లు పెరుగుతాయి. సన్నటి చిన్న చేపల దగ్గర ఈ సూత్రం ఏదో ఒక మేరకు పనిచేస్తుంది, పెద్దవాటి దగ్గర పూర్తిగా దెబ్బతింటుంది.

కాబట్టి మన ట్యాంక్‌కు మొదటి గీత ఇదీ: పూర్తిగా ఎదిగాక 5 సెంటీమీటర్లకు మించని చేప. షాపులో కనిపించే సైజు కాదు, ఎదిగాక ఉండే సైజు. అద్దానికి అంటుకుని పాకురు తింటుందని చెప్పి అమ్మే సక్కర్ పిల్ల 5 సెంటీమీటర్లే ఉంటుంది. ఎదిగితే 30 దాటుతుంది. అంటే మన ట్యాంక్ వెడల్పు కంటే ఎక్కువ. అది వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు.

25 నుంచి 35 డిగ్రీలకు

నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గరిష్ఠంగా 8.3 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 దగ్గర 7.6. 35 దగ్గర 6.9. అంటే 10 డిగ్రీల తేడాకు సరఫరా దాదాపు ఆరో వంతు పడిపోయింది. అదే 10 డిగ్రీలకు చేప శరీరంలో జీవక్రియ సుమారు రెట్టింపు అవుతుంది. ఒకవైపు రాబడి తగ్గింది, మరోవైపు ఖర్చు రెట్టింపైంది. 25 డిగ్రీల దగ్గర హాయిగా బతికే 20 చేపలు 35 దగ్గర ఊపిరాడక పైకి తేలడానికి కారణం ఇదే.

మొక్కలున్నాయి కదా, అవే ఆక్సిజన్ ఇస్తాయనుకుంటాం. వెలుగున్నంత సేపు ఇస్తాయి. లైటు ఆర్పాక అవి కూడా చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే ప్లాంటెడ్ ట్యాంక్‌లో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. మే నెలలో పొద్దు పొడవకముందే ఒకసారి లైటు వేయకుండా ట్యాంక్ దగ్గరికి వెళ్లి చూడండి. చేపలన్నీ పైపొరకు చేరి, మూతులు నీటి అంచుకు ఆనించి, మొప్పల రేకులు గబగబా కొట్టుకుంటూ కనిపిస్తే చేపలు ఎక్కువయ్యాయనో, గాలి తక్కువైందనో అర్థం. ఎండాకాలం రాత్రంతా ఎయిర్ పంపు నడవాలి. గాలివానకు కరెంటు పోయే రోజుల కోసం బ్యాటరీ పంపు ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

వేడి తగ్గించడానికి చవకైన మార్గం నీటిపైకి చిన్న ఫ్యాను తిప్పడం. మన ఇళ్లలోని కూలర్ పనిచేసే తీరే ఇది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. 38 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ చల్లార్చడానికి తీయాల్సిన వేడి 159 కిలోజౌళ్లే. కాగితం మీద చూస్తే లీటరు ఆవిరైతే 15 డిగ్రీలు దిగాలి. గదిలోని వేడి మళ్లీ నీళ్లలోకి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆచరణలో 2 నుంచి 4 డిగ్రీలు దిగుతుంది. మన ఎండాకాలం పొడిగా ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం ఇక్కడ బాగా పారుతుంది. మూతకు బదులు దోమతెర గుడ్డ బిగిస్తే ఆవిరి పోతుంది, చేప దూకదు.

600 నుంచి 200కు

టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పే ఆమోదయోగ్య పరిమితి 500. వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000 దాకా అనుమతి ఉంది. నీటి కాఠిన్యానికి ఆ అంకెలు 200, 600. టీడీఎస్, కాఠిన్యం ఒకటి కావు. కాఠిన్యం కాల్షియం, మెగ్నీషియం లెక్క మాత్రమే, దానికి వేరే కిట్ ఉంటుంది. మొదటి అంచనాకు టీడీఎస్ పెన్ను చాలు. ఊళ్లోని మంచినీళ్ల ప్లాంటులో అడిగినా కొలిచి చెబుతారు.

ఉదాహరణకు మీ బోరు నీటి టీడీఎస్ 600, ప్లాంటు క్యాను నీటిది 50 అనుకుందాం. ఒక వంతు బోరు నీళ్లకు మూడు వంతుల ప్లాంటు నీళ్లు కలిపితే 600 + 50 + 50 + 50 = 750. దాన్ని 4తో భాగిస్తే 187. చాలా చిన్న చేపలకు ఇది ఇష్టమైన స్థాయి. ప్లాంటు నీళ్లు మాత్రమే పోయకూడదు. వాటిలో పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార స్థాయిని, నిలబెట్టే లవణాలు ఉండవు కాబట్టి పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడితే క్లోరిన్ సంగతి చూడాలి. లీటరు తాగునీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. మనకు అది రక్షణ, చేప మొప్పలకు మంట. బకెట్లో పట్టి ఒక రోజంతా గాలి పంపు పెట్టాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

ఫ్యాను నడిపేవాళ్లు ఇంకొక లెక్క గుర్తుంచుకోవాలి. ఆవిరయ్యేది నీరే, లవణాలు ట్యాంక్‌లోనే ఉంటాయి. రోజుకు లీటరు చొప్పున నెలకు 30 లీటర్ల బోరు నీళ్లు పోస్తే 18 గ్రాముల లవణాలు కొత్తగా చేరతాయి. 38 లీటర్లకు పంచితే టీడీఎస్ దాదాపు 470 పెరుగుతుంది. మధ్యలో నీళ్లు మార్చకపోతే 600 ఉన్నది నెలలో 1,000 దాటుతుంది. అందుకే తగ్గిన నీళ్ల మేరకు పోసేటప్పుడు ప్లాంటు నీళ్లు, వారం వారం మార్చేటప్పుడు కలిపిన నీళ్లు.

1 గ్రాము మేత

చేపలు చనిపోవడానికి ఇళ్లలో కనిపించని కారణం అమ్మోనియా. అది మేతలోని మాంసకృత్తుల నుంచి పుడుతుంది. చేపల పెంపకంలో వాడే లెక్క ప్రకారం మేత బరువును మాంసకృత్తుల శాతంతో, తర్వాత 0.092తో గుణిస్తే వచ్చే అమ్మోనియా నైట్రోజన్ తెలుస్తుంది. 40 శాతం మాంసకృత్తులున్న మేత 1 గ్రాము వేస్తే 37 మిల్లీగ్రాములు. మన 38 లీటర్లలో లీటరుకు దాదాపు 1 మిల్లీగ్రాము.

ఇది ఎంత ప్రమాదమో పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే విషం. 25 డిగ్రీలు, పీహెచ్ 7 దగ్గర విష రూపం 0.6 శాతం లోపే. 30 డిగ్రీలు, పీహెచ్ 8 దగ్గర 7.5 శాతం. అంటే 13 రెట్లు. బోరు నీళ్ల పీహెచ్ చాలా చోట్ల 8కి అటూఇటూ ఉంటుంది. వేడి సంగతి చెప్పనక్కర్లేదు. చల్లటి మెత్తటి నీళ్ల కోసం రాసిన జాబితాల్లోని చేపల సంఖ్యను మన ట్యాంక్‌లో తగ్గించాల్సిన కారణం ఇక్కడుంది. 30 డిగ్రీలు, పీహెచ్ 8 ఉన్న ట్యాంక్‌లో 1 గ్రాము మేత వేసిన రోజు లీటరుకు 0.07 మిల్లీగ్రాముల విషం తయారవుతుంది. 0.05 దగ్గరే చేప మొప్పలకు హాని మొదలవుతుంది.

ఇప్పుడు అసలు ఎంత మేత కావాలో చూద్దాం. ఒక్కోటి 0.3 గ్రాముల బరువున్న 15 చిన్న చేపలు కలిపి 4.5 గ్రాములు. రోజుకు శరీర బరువులో 2 శాతం చాలు, అంటే 0.09 గ్రాము. రెండు వేళ్ల కొసల మధ్య నిలిచే పొడిలో కొంత. పిల్లలు ముచ్చటపడి చెంచాతో వేసే గ్రాము మేత 11 రోజుల తిండి. వారానికి ఒక రోజు మేత మానేసినా ఏ చేపా బక్కచిక్కదు.

6 కన్నా తక్కువ వద్దు

రకానికి రెండు చొప్పున ఆరు రకాలు తెచ్చుకోవడం మనకు అలవాటు. రంగురంగులుగా కనిపిస్తుందని ఆశ. చేపలకు అది నరకం. డానియో, బార్బ్, టెట్రా వంటివి గుంపులో బతికే జాతులు. మూడే జీబ్రా డానియోలు ఉంటే ఏం జరుగుతుందో గమనించండి. బలమైనది ఒకటి ట్యాంక్ ఒక మూలను పట్టుకుని, చిన్నదాన్ని రోజంతా తరుముతుంది. తరమబడ్డది ఫిల్టర్ వెనక దాక్కుంటుంది, మేతకు కూడా రాదు. అదే చేపలు 8 ఉంటే తరమడం అందరి మీదా పంచబడుతుంది, ఏ ఒక్కదానికీ గాయం కాదు. గుంపంతా ఒక్కసారిగా మలుపు తిరిగే అందం అప్పుడే కనిపిస్తుంది.

22 సెంటీమీటర్ల నీటిలో మూడంతస్తుల కాపురం సాగదు. కాబట్టి ఒక గుంపు జాతి, దానికి తోడుగా నెమ్మదైనది ఒకటి. మహా అయితే రెండు రకాలు, మొత్తం 8 నుంచి 12 చేపలు. 38 లీటర్లకు అదే నిండు.

3 కూర్పులు

బోరు నీళ్లే వాడేవారికి, టీడీఎస్ 400 దాటినా: మగ గప్పీలు 8, నెరైట్ నత్తలు 2. గప్పీ దక్షిణ అమెరికా చేప, లవణాలున్న నీటిలో చక్కగా ఉంటుంది. 22 నుంచి 28 డిగ్రీలు సుఖం. మగది 3 సెంటీమీటర్లు. ఆడది ఒక్కటి కూడా వద్దు. సుమారు 28 రోజులకోసారి 20 నుంచి 40 పిల్లల్ని పెడుతుంది, ఒకసారి మగదానితో కలిశాక నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. మూడో కాన్పు నాటికి ట్యాంక్ పట్టదు. నెరైట్ నత్తలు పాకురు తింటాయి, మంచినీటిలో వాటి పిల్లలు పెరగవు.

కలిపిన నీళ్లకు, టీడీఎస్ 150 నుంచి 250: చెర్రీ బార్బ్‌లు 8, హనీ గౌరామి జత 1. చెర్రీ బార్బ్ శ్రీలంక వాగుల చేప, 5 సెంటీమీటర్లలోపు, 23 నుంచి 27 డిగ్రీలు. సాధువు, మొక్కల నీడ కోరుకుంటుంది. హనీ గౌరామి గంగా, బ్రహ్మపుత్ర మైదానాలది. అవసరమైతే పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలదు కాబట్టి మే నెలలో దానికి అదనపు రక్ష. మగ చెర్రీలు 3, ఆడవి 5 అయితే తగవులు తక్కువ.

వేడికీ చలికీ తట్టుకునే కూర్పు: జీబ్రా డానియోలు 8 నుంచి 10, వాటితో ఇంకేమీ వద్దు. ఇది మన దేశపు చేప. హనీ గౌరామికీ దీనికీ శాస్త్రీయ నామం పెట్టింది ఒకరే, గంగానది చేపల మీద 1822లో పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో శాస్త్రవేత్తలు పరిశోధనలకు వాడేదీ ఈ చేపనే. మనిషి జన్యువుల్లో 70 శాతానికి దీనిలో జత జన్యువులున్నాయని 2013లో తేలింది. ప్రయోగాల్లో ఇది 6.7 నుంచి 41.7 డిగ్రీల దాకా తట్టుకున్నట్టు నమోదైంది. ఆ చివరలు బతుకు అంచులు, కాపురం చేసే చోటు కాదు. కానీ వాటి మధ్య ఉన్న వెడల్పు వల్లే చలికాలం హీటరు లేకున్నా, ఎండాకాలం నీళ్లు కొన్నాళ్లు 30 దాటినా ఇది నిలుస్తుంది. చురుకుగా ఈదుతుంది కాబట్టి ట్యాంక్ పొడవు 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు.

మొదటి రెండు కూర్పులకు డిసెంబర్, జనవరి రాత్రుల్లో 50 వాట్ల హీటరు 24 డిగ్రీల దగ్గర పెట్టాలి.

మొక్కల్లో వాలిస్నేరియా, హైడ్రిల్లా కఠినజలానికి భయపడవు. నీటిలోని బైకార్బనేట్ల నుంచే కార్బన్ తీసుకోగలవు. నీడకు అనుబియాస్, జావా ఫెర్న్. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు.

వద్దనాల్సిన 6

నియాన్ టెట్రా: అమెజాన్ పైభాగపు మెత్తటి నీటి చేప, 20 నుంచి 26 డిగ్రీలు. మే నెల వేడి, బోరు నీళ్లు కలిసి దానికి రెండు దెబ్బలు.

గోల్డ్ ఫిష్: 15 నుంచి 20 సెంటీమీటర్లు పెరుగుతుంది, చల్లటి నీళ్లు కోరుతుంది, మొక్కల్ని పెరికేస్తుంది.

ఏంజెల్: రెక్కలతో కలిపి 20 సెంటీమీటర్ల ఎత్తు దాటుతుంది. మన నీటి ఎత్తే 22.

టైగర్ బార్బ్: గప్పీ తోకలు కొరుకుతుంది.

ఫైటర్: ఒంటరిగా ఉంచితే అందం. పొడవు తోకల గప్పీని శత్రువనుకుని మీద పడుతుంది.

రంగు ఎక్కించిన గాజుచేప: మన నీళ్లలోనే బతికే పారదర్శకమైన చేపకు సూదితో రంగు పొడిచి అమ్ముతారు. నిలువునా చిత్రహింస అది. కొనేవాళ్లు లేకపోతే అమ్మేవాళ్లూ ఉండరు.

మన చెరువుల పరిగెలు పెంచుకోవచ్చా అని కొందరు అడుగుతారు. పెంచుకోవచ్చు, కానీ కొన్ని రకాలు 10 సెంటీమీటర్లు దాటుతాయి, వాటికి మూడడుగుల పైబడిన ట్యాంక్ కావాలి. తెచ్చినవాటిని 4 వారాలు వేరుగా ఉంచి రోగాలు లేవని చూసుకోవాలి. చెరువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది, కాబట్టి అడిగే పట్టాలి.

6 వారాలు, 10 లీటర్లు

నీళ్లు నింపిన రోజే చేపలు వేయడం పెద్ద పొరపాటు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ వారాలు మొక్కలు వేళ్లు పట్టడానికి వదలాలి. నీటి పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ 0 చూపించాక మొదట 4 చేపలు, రెండు వారాలాగి మిగతావి.

హైదరాబాద్ నుంచి తెప్పిస్తే జగిత్యాలకు సుమారు 190 కిలోమీటర్లు. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా గాలి ఉండాలి. మిట్ట మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజాము బండికి తెచ్చుకోవాలి. ఇంటికి చేరాక సంచిని 15 నిమిషాలు ట్యాంక్ నీటిలో తేలేసి, తర్వాత అరగంట పాటు కొద్దికొద్దిగా ట్యాంక్ నీళ్లు కలపాలి. సంచిలోని నీళ్లు ట్యాంక్‌లో పోయకూడదు.

వారానికి నాలుగో వంతు, అంటే దాదాపు 10 లీటర్లు మార్చాలి. కొలతకు చెప్పాలంటే ప్లాంటు క్యానులో సగం. మొత్తం ఖాళీ చేసి తోమి కడిగే పని వద్దు, దానితో ఆరు వారాలు పెంచిన బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కాకుండా, తీసిన ట్యాంక్ నీళ్లలోనే పిండాలి.

చెరువులోకి 0

చేపలు పెరిగి పట్టకపోయినా, విసుగొచ్చినా, ఒక్కదాన్ని కూడా చెరువులో, వాగులో, కాకతీయ కాలువలో వదలకూడదు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం చేపగా వచ్చిన సక్కర్ దేశంలో ఎన్నో జలాశయాల్లో స్థిరపడింది. గట్టి ముళ్లతో వలలు చింపుతోంది, మార్కెట్లో దానికి ధర రాదు. నష్టపోయేది చెరువునే నమ్ముకున్న గంగపుత్రులు, ముదిరాజులు. మన రాష్ట్ర చేప కొర్రమీను కూడా ఆ నీళ్లలోనే పెరగాలి. వద్దనుకున్న చేపను షాపుకో, పెంచుకునే వాళ్లకో ఇచ్చేయండి.

షాపుకు వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుని వెళ్లండి: మీ ట్యాంక్‌లో పట్టే అసలు లీటర్లు, మే నెలలో మీ గదిలో నీటి వేడి, మీ నీళ్ల టీడీఎస్, పీహెచ్. ఏ చేపను చూపించినా, ఎదిగాక ఎంత అవుతుంది, ఎన్ని ఉంటే గుంపు అవుతుంది, ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుంది అని అడగండి. ఆ జవాబులు మీ కాగితంతో సరిపోలితే కొనండి. సరిపోలకపోతే ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేసి రండి. 10 చేపలు ఏళ్ల తరబడి ఆరోగ్యంగా తిరిగే ట్యాంక్, 30 చేపలు కొని నెల నెలా మార్చే ట్యాంక్ కంటే అందమైనది, చవకైనది, న్యాయమైనది.